‘అది వేరే విషయం’ అన్నావు చూడు, దాని గురించి

ప్రశ్న:

టీచర్ గారూ, నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వయసు 21. అందరూ నవ్వుతూ అనే ‘కరోనా బ్యాచ్’ మాదే. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మూడు రాశాక వాయిదా వేశారు. జూన్‌లో అందరూ పాస్ అన్నారు. నాకు 9.8 వచ్చింది. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాయకుండానే సెకండియర్‌కి పంపారు. సెకండియర్ మధ్యలో మళ్లీ ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. మ్యాథ్స్ రెండు పేపర్లూ పోయాయి. వారం తిరిగేసరికి ప్రభుత్వం అందరినీ పాస్ చేసింది. మెమోలో రెండు చోట్లా 75కి 26 అని ఉంటుంది.

మొన్న క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒకాయన నా కాగితాలు చూసి, ‘ఓహో, ఆ బ్యాచా! పదిలో 9.8, ఇంటర్‌లో 26. ఏది నిజం?’ అని నవ్వాడు. నోట మాట రాలేదు. సెలెక్ట్ కాలేదు. అప్పటినుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. అసలు నలుగురిలో మాట్లాడాలంటేనే గొంతు పట్టేస్తుంది. ఆ రెండేళ్లు ఇంట్లో కూర్చోవడం వల్లే ఇలా అయ్యానేమో అనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో కరోనాతో ఎవరూ పోలేదు. నాన్న అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, పని ఆగిపోయి ఆగస్టులో వందే భారత్ విమానంలో వచ్చేశాడు. అమ్మ బీడీలు చేస్తుంది, లాక్‌డౌన్‌లో అదీ కొన్నాళ్లు ఆగింది. అప్పు చేసి ఒక ఫోన్ కొన్నారు. ఇంటర్ కదా అని అది నా దగ్గరే ఉండేది. నేను క్లాసులు విన్నది తక్కువ, రాత్రి రెండింటి దాకా గేమ్‌లు ఆడింది ఎక్కువ. చెల్లి అప్పుడు ఎనిమిదో తరగతి, టీవీలో చూసుకునేది. తను తర్వాత పదిలో లెక్కలు తప్పి సప్లిమెంటరీలో పాసైంది, ఇంటర్‌లో చేరి మానేసింది. ఇప్పుడు అమ్మతో పాటు బీడీలు చేస్తోంది, సంబంధాలు చూస్తున్నారు. నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. అది వేరే విషయం.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి? ఈ సిగ్గు ఎలా పోతుంది?

ఒక పాఠకుడు

జవాబు:

బాబూ, ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పినదాన్ని. ఇరవయ్యొక్కేళ్ల పిల్లాణ్ని ‘మీరు’ అనడం నాకు చేతకాదు. నువ్వు అనే అంటాను.

అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు ముందు చెప్పేస్తాను. అవి తేలికైనవి. తర్వాత నువ్వు అడగని దాని దగ్గరికి వద్దాం.

నీ 9.8 ఎక్కణ్నుంచి వచ్చిందో నీకు ఎవరూ విడమర్చి చెప్పినట్టు లేదు. ఆ పరీక్షలకు మొత్తం 11 పేపర్లు. మార్చి 19న మొదలయ్యాయి. మూడు పేపర్లతో ఆపమంది హైకోర్టు. జూన్ 8న ప్రభుత్వం మిగతావి రద్దు చేసి, సుమారు 5.35 లక్షల మందిని ఒక్క కలం పోటుతో పాస్ చేసింది. గ్రేడ్లు వేయడానికి మాత్రం ఏదో ఒక అంకె కావాలి కదా. మామూలు సంవత్సరాల్లో ఇంటర్నల్స్‌కి 20, పబ్లిక్ పరీక్షకు 80. ఆ ఏడు ఆ 20నే 5తో హెచ్చవేసి 100 చేశారు. ఇంటర్నల్ మార్కులు మేం ఎంత ధారాళంగా వేస్తామో నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ ఇంటర్వ్యూ ఆయనకూ తెలుసు. పులుసులో ఉప్పు చూసి భోజనం మొత్తానికి మార్కులు వేసినట్టయింది. వంట నువ్వు పాడుచేయలేదు, అసలు వడ్డించనే లేదు. అందులో నువ్వు సిగ్గుపడాల్సింది ఏముంది?

ఇక 26. 2021 అక్టోబర్ 25న మొదలైన ఆ ఫస్టియర్ పరీక్షలు నాకు బాగా గుర్తు, మా బడిలో పది చదివి వెళ్లిన పిల్లలు సగం మంది అందులో ఉన్నారు కాబట్టి. ‘ప్రమోట్ అయ్యారు’ అన్నమాట విని ఆర్నెల్లు ఫస్టియర్ పుస్తకాలు అటకెక్కించిన పిల్లల్ని, వాటిని దించి రాయమన్నారు. డిసెంబర్ 16న ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. అంటే తప్పినవాళ్లే ఎక్కువ. గోల రేగింది, 24న అందరికీ కనీస మార్కులు వేసి గట్టెక్కించారు. నీ రెండు 26లు ఆ రోజువి. అవి నువ్వు అడిగి తెచ్చుకున్నవి కావు. అలాగని నీకు ఆ లెక్కలు వచ్చనీ కాదు. నిజంగానే తప్పావు. ఆ సంగతి ఒప్పుకోవడంలో ప్రమాదమేమీ లేదు, దాచబోతేనే గొంతు పట్టేస్తుంది.

నీ ఉత్తరంలో నువ్వు మర్చిపోయినది ఒకటుంది. 2022 మేలో సెకండియర్ పరీక్షలు హాల్లో కూర్చుని రాశావు. సిలబస్ 70 శాతమే, సరే, కానీ చేత్తో రాశావు. జులైలో ఎంసెట్ రాశావు. ఆ ఏడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. 9.8 గానీ 26 గానీ నీ ఇంజనీరింగ్ సీటు దగ్గరికే రాలేదు. నీ ర్యాంకు ఎంతైనా కావచ్చు, అది ఆ మూడు గంటల్లో నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని తెచ్చుకున్నది. ఇంత గట్టి సాక్ష్యం చేతిలో పెట్టుకుని దోషిలా నిలబడ్డావు.

వచ్చే ఇంటర్వ్యూలో ఆయన వేలు పెట్టి చూపించేదాకా ఆగకు. ‘నా గురించి చెప్తాను’ అన్నప్పుడే చెప్పెయ్: పదో తరగతి మార్కులు ఇంటర్నల్స్ ఆధారంగా వచ్చాయి, ఫస్టియర్ మ్యాథ్స్ తప్పాను, సెకండియర్ మ్యాథ్స్‌లో ఇంత, ఎంసెట్‌లో ఇంత, బీటెక్‌లో ఇదీ చేశాను. అంతే. వివరణలొద్దు, కరోనా కష్టాల కథ అసలే వద్దు. ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఆ కథ ఆ రోజు అప్పటికే పదిసార్లు విని ఉంటారు. నవ్వినాయన సంస్కారం ఆయనది, దాన్ని నువ్వు మోయనక్కర్లేదు.

మాట పెగలకపోవడం గురించి: రెండేళ్లు మైక్ మూసి, కెమెరా ఆపి కూర్చున్న పిల్లలందరికీ కొంత ఉంది ఇది. మీ హాస్టల్లోనే పక్క గది కుర్రాణ్ని కూర్చోబెట్టి పైన చెప్పిన ఐదు ముక్కలూ ఇరవైసార్లు బయటికి చెప్పు. మనసులో కాదు, నోటితో. ఇరవై ఒకటోసారికి వాడికీ కంఠతా వచ్చేస్తాయి. నిద్ర మాత్రం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి ఇబ్బందులు వినడానికే ఉన్నారు వాళ్లు, మొహమాటపడకు.

ఇప్పుడు అసలు సంగతి.

హోంవర్క్ చేయని పిల్లవాడు ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతాడు. జ్వరం వచ్చిన సంగతి, బస్సు రాని సంగతి, నానమ్మ ఊరికెళ్లిన సంగతి. చివర్లో, వెళ్లబోతూ, గుమ్మం దగ్గర గొణుగుతాడు: ‘లెక్కలు చేయలే టీచర్.’ నీ ఉత్తరంలో నీ మార్కులకు రెండు పేరాలు. మీ చెల్లికి నాలుగు వాక్యాలు, అవీ పొట్టివి. ఆఖరున ‘అది వేరే విషయం’.

అది వేరే విషయం కాదు, బాబూ. నీ నిద్ర చెడగొడుతున్నది ఇంటర్వ్యూ అని నువ్వనుకుంటున్నావు. నాకైతే అనుమానమే. 26 మీద సిగ్గు పడటం సులువు, అది ఇంకొకరు వేసింది. ఆ రెండో సిగ్గు ఎవరూ వేసింది కాదు. అందుకే దాన్ని చివరి వాక్యంలో కుక్కేశావు.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఆ సంవత్సరం మీ చెల్లికి ఎలా గడిచిందో నీకంటే నాకే కొంచెం ఎక్కువ తెలుసేమో. చెబుతాను, విను.

2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మర్నాడు, అంటే 2వ తేదీన, కేంద్రం పబ్‌జీని నిషేధించింది. దేవుడు లెక్క సరిచేశాడని మా స్టాఫ్ రూమ్‌లో నవ్వుకున్నాం. వారం తిరిగేసరికి పిల్లలు ఇంకో గేమ్‌లోకి దూకారు, అది వేరే కథ. (చూశావా, నేనూ అన్నాను.)

టీవీ పాఠం అరగంట. ఆపమంటే ఆగదు, మళ్లీ చెప్పమంటే చెప్పదు. నానమ్మ ఉన్న ఇల్లయితే రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. సరే, అన్నీ కుదిరి పాఠం చూసిందే అనుకుందాం. దాని వర్క్‌షీట్ ఎక్కడికొస్తుంది? వాట్సాప్ గ్రూప్‌లోకి. సందేహం ఎక్కడ అడగాలి? గ్రూప్‌లో. చేసిన లెక్క ఫొటో తీసి ఎక్కడ పెట్టాలి? గ్రూప్‌లోనే. పాఠం టీవీలో, చదువు ఫోన్‌లో. ‘టీవీలో చూసుకునేది’ అని నువ్వు రాసిన మాటకు అర్థం, చూసి ఊరుకునేది అని.

తొమ్మిది, పది వాళ్లకు 2021 ఫిబ్రవరి 1న బళ్లు తెరిచారు. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు ఫిబ్రవరి 24న. మార్చి 24న మళ్లీ మూసేశారు. లెక్కపెట్టు. ఎనిమిదో తరగతి మొత్తానికి మీ చెల్లి బడి చూసింది నెల రోజులు. అందులో ఆదివారాలు తీసెయ్. అంగీకార పత్రం మీద సంతకానికి తిరిగిన రోజులూ తీసెయ్.

ఆ నెలలో ఒక రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. బెంచీకి ఒక్కరు, గదికి ఇరవై మంది, మొహాలకు మాస్కులు. ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియదు. బోర్డు మీద తేలికైన సమీకరణం రాశాను: రెండు ఎక్స్ ప్లస్ మూడు, ఈజ్ ఈక్వల్ టు పదకొండు. ఆరో తరగతిలో ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చుని చేయెత్తే పిల్లను పిలిచాను. వచ్చింది, చాక్‌పీస్ తీసుకుంది. రెండు ఎక్స్‌లకు మూడు కలిపి ఐదు ఎక్స్‌లు అని రాసింది. రాసి, సరిగ్గా చేసినట్టే చాక్‌పీస్ తిరిగి ట్రేలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లి కూర్చుంది. తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. వంకాయల్నీ రూపాయల్నీ కలపకూడదని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? టీవీ చెప్పే ఉంటుంది, అరగంటలో ఒకసారి. పక్కన కూర్చుని ‘ఏదీ, చూపించు’ అన్నది ఎవరు?

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మీద ఎవరూ పద్యాలు రాయరు గానీ, హైస్కూల్ బీజగణితానికి పునాది అదే. రేఖీయ సమీకరణాలు, కారణాంక విభజన అక్కడే. అవి రాకపోతే పదిలో బహుపదులూ వర్గ సమీకరణాలూ అరబ్బీలో రాసినట్టుంటాయి. 2023 ఏప్రిల్‌లో మీ చెల్లి లెక్కల పరీక్ష తప్పిందన్నావు. ఆ పరీక్ష ఆమె తప్పింది 2020-21లో. రెండేళ్లు ఆలస్యంగా ఫలితం వచ్చింది, అంతే.

ఇప్పుడు నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీకు సుద్దులు చెప్పే అర్హత నాకుండదు.

ఆ రోజుల్లో సాయంత్రం ఐదు నుంచి నాకు అదే పని. నలభై మంది పేర్లున్న కాగితం, పక్కన గళ్లు: టీవీలో చూశారు, ఫోన్‌లో చూశారు, పక్కింట్లో చూశారు, చూడలేదు. ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేసి టిక్కు పెట్టాలి, రాత్రికి పైకి పంపాలి. ఫోన్ ఎవరెత్తేవారో తెలుసా? ఆడపిల్లల ఇళ్లకు చేస్తే చాలాసార్లు అన్నలు ఎత్తేవారు. ‘చెల్లి పాఠం చూసిందా బాబూ?’ అంటే, వెనక గేమ్ చప్పుడు వినపడుతుండగానే, ‘ఆ ఆ, చూసింది టీచర్’ అని పెట్టేసేవారు. ‘ఒకసారి చెల్లికివ్వు’ అని నేను అనాలి. మొదట్లో అన్నాను. ‘బయటికి పోయింది టీచర్’ అనేవారు. నలభై ఫోన్లు. తర్వాత అనడం మానేశాను. టిక్కు పెట్టాను. చూడలేదన్న గడిలో ఎక్కువ మంది ఉంటే పైనుంచి ప్రశ్నలొస్తాయి, అది కూడా నిజం. ఐదు ఎక్స్‌లు రాసిన ఆ పిల్ల పేరు పక్కన సెప్టెంబర్ నుంచి జనవరి దాకా వరసగా టిక్కులే.

మీ ఇంటికీ ఎవరో ఒక టీచర్ చేసే ఉంటుంది. ఫోన్ నీ దగ్గరే ఉండేదన్నావు. నువ్వేమన్నావో నాకు తెలియదు.

ఇదంతా నీ నెత్తిన రుద్దడానికి చెప్పడం లేదు. పదిహేనేళ్ల పిల్లాడివి. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది ఎవరికన్న నిర్ణయం నీది కాదు. దుబాయ్‌లో జీతం ఆగిన తండ్రి, తంబాకు రాక చాట గోడకానించిన తల్లి. బియ్యం సర్కారిచ్చింది, మిగతావి అప్పు. వాళ్లు ఒక లెక్క వేసుకున్నారు: కొడుకు ఇంటర్, కూతురు ఎనిమిదే కదా, అయినా ఆడపిల్ల. తప్పు లెక్కే, కానీ వాళ్లకు తెలిసిన లెక్క. బళ్లు మూసినవాళ్లు ఉన్నారు, టీవీ పెట్టి చేతులు దులుపుకున్నవాళ్లు ఉన్నారు, టిక్కు పెట్టిన నాలాంటివాళ్లు ఉన్నారు. ఇంతమంది వాటాలు పోగా నీకు మిగిలేది చిన్నది. రాత్రి రెండింటి దాకా ఆడిన ఆ గంటలు. ఫోన్ పక్కన పడి ఉన్నా, చార్జింగ్ అయిపోతుందనో డేటా అయిపోతుందనో ఆమెకు ఇవ్వని ఆ అరగంటలు. ఆ మాత్రం నీదే. దాన్ని ఇంకొకరి ఖాతాలో వేయకు. మొత్తం నాదేనని గుండెలు బాదుకోకు కూడా, అది మళ్లీ నీ చుట్టూనే తిరగడం అవుతుంది.

ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెబుతాను. రాఖీ దాకా ఆగి, కాళ్లు పట్టుకుని, సినిమాలోలా ఏడవకు. కొత్త ఫోన్ కొనుక్కెళ్లి చేతిలో పెట్టి మాట్లాడకుండా తప్పించుకోకు. ఆ ఫోన్ ఎందుకిచ్చావో ఆమెకు వెంటనే అర్థమవుతుంది, అందుకే ముట్టుకోదు. ‘అప్పుడు నేనూ చిన్నోణ్ణే కదా’ అన్న మాట నీ నోట రాకూడదు. అది నేను అనొచ్చు, మీ అమ్మ అనొచ్చు, చివరికి ఆమే అనొచ్చు. నువ్వు అనకూడదు.

శనివారం బస్సెక్కు. ఆమె బీడీలు చేసే చోటే కూర్చో. చాట ఒళ్లో ఉన్నప్పుడు చేతులు పనిలో ఉంటాయి, మొహంలోకి చూసుకోనక్కర్లేదు. మాట్లాడటానికి అంతకన్న మంచి సమయం లేదు. సాయం చేస్తానని ఆకు కత్తిరించబోతే పాడుచేస్తావు, తునికాకు ఊరికే రాదు, ఊరుకో. ఒక్క సంగతే చెప్పు: ‘నువ్వు ఎనిమిదిల ఉన్నప్పుడు ఫోన్ నేను ఇయ్యకపోతుంటి. గేమ్‌లు ఆడుకుంట కూసుంటి. నాకు యాదికున్నది.’ అంతే. చివరి ముక్క ముఖ్యం. ఆరేళ్లుగా ఆమె ఒక్కతే దాన్ని గుర్తుపెట్టుకున్నానని అనుకుంటూ ఉండవచ్చు.

ఆమె ‘ఇప్పుడెందుకన్నా అవన్నీ’ అనవచ్చు. నవ్వవచ్చు. లేచి లోపలికి పోవచ్చు. లేదా ఆరేళ్లది ఒక్కసారి తిట్టవచ్చు, ఆ తిట్లలో ఫోన్‌తో సంబంధం లేనివి కూడా ఉంటాయి. నువ్వు సంజాయిషీ ఇవ్వకు. అలాగని మరుసటి వారం నుంచి గలగలా మాట్లాడుతుందనీ ఆశపడకు.

ఇంకో రోజు, అదే రోజు కాదు, అడుగు: చదవాలని ఉందా? ఇక్కడ నీకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. పది పాసైంది కాబట్టి తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు కట్టవచ్చు. రోజూ కాలేజీకి వెళ్లక్కర్లేదు, మీ మండలంలోనో పక్క మండలంలోనో ఏదో సర్కారు బడిలో స్టడీ సెంటర్ ఉంటుంది, సెలవు రోజుల్లో క్లాసులు జరుగుతాయి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాస్ కావాల్సిన పని లేదు. ఆ సర్టిఫికెట్‌తో డిగ్రీలో చేరవచ్చు. ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టి ఉండటం, సెంటర్‌కు వెళ్లి ఫీజు కనుక్కోవడం, మెమో జిరాక్సులు తీయించడం నీ పని. సబ్జెక్టులు ఎంచుకోవడం ఆమె పని. లెక్కలు ఆమెకు వద్దేమో. ఇంజనీరు అన్న ఉన్నాడు కదా అని నువ్వు పూనుకుని ట్యూషన్ మొదలుపెట్టకు, అడిగితే తప్ప.

సంబంధాల విషయం మాత్రం ఆగేది కాదు. పద్దెనిమిది నిండితే మన ఇళ్లలో కల్యాణలక్ష్మి లెక్క మొదలవుతుంది, ఆడపిల్ల పెళ్లికి సర్కారు నుంచి లక్షా నూట పదహార్లు వస్తాయి కదా అని. నేను కల్యాణలక్ష్మిని తప్పుపట్టడం లేదు, దాని కోసమైనా పద్దెనిమిది దాకా ఆగిన ఇళ్లు నేను చూశాను. కానీ ఆమెను అడిగారా? ‘ఇప్పుడే చేసుకుంటవా, రెండేండ్లు ఆగుతవా?’ అని ఒక్కరన్నా అడిగారా? అడగకపోతే నువ్వడుగు. ఆగుతానంటే వెళ్లి మీ నాన్నతో నువ్వు మాట్లాడు. ఆమె చెబితే ‘ఆడపిల్లకు ఏం తెలుసు’ అంటాడు. బీటెక్ కొడుకు చెబితే కుర్చీ దగ్గరికి లాక్కుని వింటాడు. అది అన్యాయమే. ఆనాడు ఫోన్ నీ చేతిలో పెట్టినట్టే ఈనాడు మాట కూడా నీ చేతిలోనే పెట్టారు. ఈసారి దాంతో ఏం చేస్తావన్నదే నాక్కావాలి.

పెళ్లే చేసుకుంటాను అంటే? అంటే సరే, ఆమె ఇష్టం. అడిగావు కదా.

తర్వాతి ఇంటర్వ్యూ ఎలా జరిగిందో రాయి. దానికన్నా ముందు, మీ చెల్లి ఏ సబ్జెక్టులు అన్నదో రాయి. ఒకవేళ లెక్కలు తీసుకుంటానంటే మాత్రం ఆ ఎనిమిదో తరగతి పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది, అంచుల్లో నేను పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులతో సహా. అడ్రసు పంపితే పోస్టులో వేస్తాను.